బొంతల గదిలో అధ్యక్షులవారు

“ఆమె తలుపు తీసేసరికి వాన వెలిసింది. వాకిట్లో తడిసి ముద్దై నిలబడి ఉన్నది...” అంటూ రేడియో పిన్ని గొంతు తగ్గించింది. నిలబడి ఉన్నది ఎవరో ఇక చెప్పాలి. సరిగ్గా అప్పుడే కాళ్ళ దగ్గర టపటపమని మొదలైంది. అధ్యక్షులవారు వెనక్కాలితో చెవి గోక్కుంటున్నారు. కాలు చెవికి తగిలినప్పుడు చప్పుడు లేదు, తిరిగొచ్చి నేలకి తగిలినప్పుడే ఉంది చప్పుడంతా. పిన్ని మైకు ఆపింది. గోకుడూ ఆగింది. మళ్ళీ మైకు పెట్టింది. “ఆమె తలుపు తీసేసరికి...” టపటపటప.

“కానివ్వండి. మీదయ్యాకే నాది,” అని పిన్ని పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది. కథలో ఆవిడ పొద్దున్నించీ తలుపు తీస్తూనే ఉంది, వాకిట్లో మనిషి తడుస్తూనే ఉన్నాడు.

అధ్యక్షులవారంటే కుక్క. గోధుమరంగు ఒళ్ళు, ఒక చెవి నిలబడితే ఇంకోటి వాలిపోయి ఉంటుంది, ఏ జాతో ఎవరూ తేల్చి చెప్పలేరు. సభల్లో మధ్య కుర్చీలో కూర్చునే పెద్దమనిషిలాగా, ఎదురుగా ఎవరేం మాట్లాడుతున్నా కళ్ళు అరమోడ్చి మధ్యమధ్య తల పంకిస్తాడు. అందుకే పిన్ని ఆ పేరు పెట్టింది. పేరుతోపాటు మర్యాదలూ వచ్చిపడ్డాయి. ఆ ఇంట్లో మొగుణ్ణి తిన్నారా అని అడగడం మరిచిపోయిన పూటలున్నాయి గాని అధ్యక్షులవారిని అడగని పూట లేదు.

ఇక రేడియో పిన్ని రేడియోలో ఏనాడూ పనిచెయ్యలేదు. వీధిలో ఎవరికో ఆ పేరు తోచింది, అతుక్కుపోయింది. ఆమె పనిచేసింది బస్టాండులో. ప్లాట్‌ఫారాల పైన అద్దాల గదిలో కూర్చుని, ఏ ఊరి బస్సు ఎక్కడ నిలబడి ఉందో, ఎప్పుడు బయల్దేరుతుందో మైకులో చెప్పేది. ఆమె నోరు విప్పగానే కింద జనం తలలు ఇటునుంచి అటు తిరిగేవి. సంచులు లేచేవి, నిద్రపోతున్న పిల్లలు భుజాలమీదికెక్కేవారు. తన మాటకి అంతమంది కదలడం అద్దంలోంచి చూస్తూ ఆమె అన్నేళ్ళు గడిపింది. జీతం పెరగలేదని మిగతావాళ్ళు గొణుక్కుంటుంటే ఆమెకి ఆ గొణుగుడే అర్థమయ్యేది కాదు.

ఒకనాడు పైవాళ్ళు వచ్చి, “అమ్మా, ఊళ్ళ పేర్లూ అంకెలూ అన్నీ ఒకసారి చదివి పెట్టండి. మీకెప్పుడైనా ఒంట్లో బాగోకపోతే పనికొస్తాయి,” అన్నారు. పిన్ని మురిసిపోయింది. వేడినీళ్ళు తాగి, గొంతు సవరించుకుని, తప్పుల్లేకుండా చదివి పెట్టింది. ఆ తర్వాత ఆమెకి ఒంట్లో బాగున్నా బాగోకపోయినా సెలవే. యంత్రం ఆ ముక్కల్ని అతికించుకుని ఆమె గొంతుతోనే బస్సుల్ని పిలవడం మొదలుపెట్టింది. ఇప్పటికీ పిలుస్తోంది. “నేను పోయాక కూడా బస్సులు నా మాట వింటాయి,” అని అందరితో నవ్వుతూ చెప్పేది గాని, ఆ బస్టాండు ఛాయలకి వెళ్ళడం మాత్రం మానేసింది.

పని పోయాక ఆమె కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. బీరువా ఇటునుంచి అటు, మంచం అటునుంచి ఇటు. వంటింట్లో డబ్బాలు పూటకో అరలోకి కాపురం మార్చేవి. ఆమె భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, మాట పొదుపు మనిషి. రోజూ పొద్దున్నే వంటింటి గుమ్మంలో నిలబడి, “ఇవాళ పంచదార ఎక్కడుంది?” అని అడిగేవాడు, ఊళ్ళో లేని చుట్టం సంగతి అడిగినట్టు.

చివరికి పుస్తకాలు చదివి రికార్డు చేయించే కంపెనీ ఒకటి దొరికింది. ఇంట్లోనే చదవొచ్చు, కాని చుట్టూ చీమ చిటుక్కుమనకూడదు. మెట్ల కింద సామాన్ల గది ఖాళీ చేసి, దానికి బొంతలు కట్టింది పిన్ని. పాత పరుపులు, దుప్పట్లు, అటక మీద ఏళ్ళ తరబడి పడి ఉన్న రగ్గులు, ఏవీ వదల్లేదు. గది మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టేది, చెవి ఒగ్గి వినేది, ఒక బొంత జానెడు జరిపేది, మళ్ళీ చప్పట్లు. చప్పట్లు గోడల్లోకి ఇంకిపోయి తిరిగి రాకుండా ఉండేదాకా అదే వరస. ఆడపడుచు చూడ్డానికొచ్చి, “నీలో నువ్వే చప్పట్లు కొట్టుకుంటున్నావేంటమ్మా,” అని బెంగపెట్టుకుంది. అలా కుదిరిన బొంతల్ని పిన్ని ఇక వేలితో కూడా తాకనివ్వలేదు. ఒకటి కదిలినా గొంతు మారిపోతుందని ఆమె భయం.

ఇంత చేసి, తలుపు మూసి, మైకు ముందు కూర్చుంటే గొంతు రాలేదు. మాటలు వస్తున్నాయి, గొంతు రావడం లేదు. ఎదురుగా బొంత. ఎవరికి చదవాలి? కన్నీళ్ళు తన్నుకొచ్చాయి. నీళ్ళు తాగుదామని తలుపు తీసింది. ఎవరో పెంచలేక వదిలేసిపోతే పిన్ని వాళ్ళ వాకిట్లో చేరిన కుక్క, అప్పటికి పేరైనా లేనిది, ఆ సందులోంచి లోపలికి దూరి, చుట్టూ రెండు చుట్లు తిరిగి, ఆమె కాళ్ళ ముందు చతికిలబడి, “ఊ, కానివ్వు” అన్నట్టు చూసింది. పిన్ని కానిచ్చింది. ఆ వేళ చదివింది ఎలా చదివిందో ఆమెకే తెలియదు. కథలో దొంగ గోడ దూకుతుంటే కుక్క వాలిన చెవి కూడా లేచింది. ఇక ఆనాటినుంచి అధ్యక్షులవారు లేకుండా సభ లేదు.

అలాంటి అధ్యక్షులవారికి దురద పట్టింది. మొదట పాదాలు నాకడం, తర్వాత చెవులు, ఆ తర్వాత పొట్ట. బొచ్చు పల్చబడి లోపలి చర్మం ఎర్రబారింది. పుస్తకమా, లావుపాటిది. ఆ వాకిట్లో మనిషి దగ్గరే రోజులు గడుస్తున్నాయి. పిన్ని ఆయన్ని ఎత్తుకుని పశువుల డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తింది.

డాక్టరమ్మ చెవులు వంచి చూసింది, వేళ్ళ సందులు విడదీసి చూసింది. “ఎలర్జీ అండీ. పుళ్ళు పడలేదు కాబట్టి ప్రస్తుతానికి ఇంట్లోనే చూసుకోవచ్చు. తిండిలో ఏదో పడకపోవచ్చు, బయట గడ్డి పడకపోవచ్చు, ఇంట్లో దుమ్మే పడకపోవచ్చు. ఒక్కొక్కటే మార్చండి. మార్చి, కొన్నాళ్ళు ఆగి, తగ్గిందో లేదో చూసుకుని అప్పుడు రెండోది. ఆగడం ముఖ్యం. మనుషుల మాత్రలు మాత్రం నన్నడక్కుండా వెయ్యకండి,” అంది.

ఆగడం ముఖ్యమని చెప్పడానికి ఆవిడకి లోకంలో ఇంకెవరూ దొరకలేదు. పిన్ని ఇంటికొచ్చిన పూటే అన్నీ మార్చేసింది. కోడిమాంసం బంద్, గుడ్డు బంద్. ఓట్స్ మెత్తగా పొడి కొట్టి, గోరువెచ్చని నీళ్ళలో కలిపి, అందులో అధ్యక్షులవారికి స్నానం. ఆయన పడుకునే గుడ్డలన్నీ మరిగే నీళ్ళలో వేసింది. చేపనూనె తెచ్చి అన్నంలో కలిపింది, ఇల్లంతా చేపల రేవు వాసన. వీధిలోకి వెళ్ళొస్తే గుమ్మంలోనే నాలుగు కాళ్ళూ తడిగుడ్డతో తుడవడం. ఆడపడుచు సలహా మీద పొట్టకి కొబ్బరినూనె కూడా రాసింది. రాసినంతసేపు పట్టలేదు, ఆయన నాకేశారు. సాయంత్రం భర్త వచ్చి బకెట్లోకి తొంగి చూసి, “జావ ఎవరికి?” అన్నాడు.

“అధ్యక్షులవారి స్నానానికండీ.”

“ఊ,” అన్నాడాయన. తనకి కాదు కదా అని ఊపిరి పీల్చుకున్నాడు.

ఇల్లంతా మారిపోయింది, బొంతల గది తప్ప. దాని జోలికి వెళ్ళడమన్న ఆలోచనే పిన్నికి రాలేదు. పైపెచ్చు ఆ గదిలో ఆమె ఇంకో పని చేసింది. ఇలాంటి పని ఆమె తప్ప ఇంకెవరూ చెయ్యరు. గోక్కుంటున్నప్పుడు ఆ టపటప మైకులో పడుతోంది కదా. ఆడపడుచు ఇంటి అటక మీంచి మరో రెండు పాత రగ్గులు మోసుకొచ్చి, వాటిని మడతలు వేసి అధ్యక్షులవారి కింద పరిచింది. కాలు ఎంత విసిరినా ఇప్పుడు చప్పుడు లేదు. పిన్ని చప్పట్లు కొట్టి చూసుకుని సంబరపడింది. దురదకి వైద్యం మొదలుపెట్టి దురద చప్పుడికి వైద్యం చేశానన్న సంగతి ఆ సంబరంలో ఆమెకి తట్టనేలేదు.

ఆ మధ్యాహ్నం చదువు గంగాప్రవాహంలా సాగింది. వాకిట్లో మనిషి లోపలికొచ్చాడు, తల తుడుచుకున్నాడు, అన్నాచెల్లెళ్ళు పోట్లాడుకున్నారు, ఏడ్చుకున్నారు. అధ్యాయం ముగించి, మైకు ఆపి, “ఎలా ఉందండీ?” అని కిందికి చూసింది పిన్ని. అధ్యక్షులవారు ఇంకా గోక్కుంటూనే ఉన్నారు. చెవి చివర చీరుకుపోయింది. రగ్గు మీద రక్తపు చుక్కలు. అంతసేపూ ఆయన ఆమె కాళ్ళ దగ్గరే ఒళ్ళు చీరుకుంటుంటే ఆమె పక్కనే కూర్చుని వేరే ఎవరి ఏడుపో చదువుకుంటూ ఉంది. పిన్ని పుస్తకం పక్కన పడేసి కింద కూచుంది. ఆ తల ఒళ్ళో పెట్టుకుని, “చెప్పొచ్చు కదండీ, ఒక్కసారి అరవొచ్చు కదా,” అంటూ ఏడ్చింది.

డాక్టరమ్మ చెవికి మందు రాసి మెడకి గరాటాలాంటి పట్టీ కట్టింది. ఆ గరాటాతో ఇరుకు గదిలో ఎటు తిరిగినా మైకు కర్రకి తగులుతోంది. గత్యంతరం లేక పిన్ని ఆయన్ని గది బయట ఉంచి తలుపు వేసుకుంది. కొన్నాళ్ళకి చెవి మానింది, పొట్ట ఎరుపు తగ్గింది, గరాటా కూడా తీసేశారు. ఓట్స్ నీళ్ళ మహిమ అంది పిన్ని. కొబ్బరినూనె అంది ఆడపడుచు. అన్నీ ఒక్కసారే చేశాక ఏది పనిచేసిందో దేవుడికే ఎరుక.

ఆయన ఒళ్ళు బాగుపడుతుంటే ఇక్కడ గొంతు పాడైంది. బొంతకి చదవడం మళ్ళీ మొదటికొచ్చింది. మింగుడుపడని దాన్ని మింగుతున్నట్టు చదివి, చదివినవన్నీ పంపించింది. రికార్డింగు చూసుకునే అమ్మాయి ఫోను చేసింది. మంచి పిల్ల, మెత్తగానే చెప్పింది.

“పిన్నిగారూ, తప్పులేం లేవండీ. కానీ... ఏమీ అనుకోకండి, బస్సు వచ్చిందని చెప్తున్నట్టుంది.”

పిన్ని ఫోను ఈ చెవినుంచి ఆ చెవికి మార్చుకుంది.

“మధ్యలో ఒక్క అధ్యాయం మాత్రం ఎంత బాగుందో. అన్నాచెల్లెళ్ళది. అది విని మా ఆఫీసులో ఒకరు కళ్ళు తుడుచుకున్నారు. దానిముందున్న వాన సీనుతో సహా మిగతావన్నీ ఆ అధ్యాయంలాగే మళ్ళీ చదివేస్తారా? లేకపోతే వేరేవాళ్ళకి ఇచ్చెయ్యమంటున్నారు మా వాళ్ళు.”

రక్తం కారిన అధ్యాయమే వాళ్ళకి నచ్చింది. పిన్ని ఇల్లంతా కాలుగాలిన పిల్లిలా తిరిగింది. ఉప్పు డబ్బా తీసి పప్పు డబ్బా దగ్గర, పప్పు డబ్బా తీసి కిటికీలో. భర్త ఇంటికొచ్చి ఆ వంటిల్లు చూసి, ఏమైందని అడగలేదు. గోడకి చేరబడి నిలబడ్డాడు. ఆమే చెప్పుకుంది. అంతా విని చెప్పులు విప్పి, “నేను కూచుంటా. చదువు,” అన్నాడు.

పెళ్ళయి ఇన్నేళ్ళకి ఆ మనిషి ఆమె మాట వినడానికి కూచోవడం అదే మొదలు. అధ్యక్షులవారి రగ్గు మీద మఠం వేసుకున్నాడు. పిన్నికి సిగ్గేసింది, నవ్వొచ్చింది, చదవబోయింది. వాన వెలిసేలోపే ఆయనకి తుమ్మొచ్చింది. క్షమించమన్నట్టు చెయ్యెత్తాడు. మళ్ళీ తుమ్ము. ఆ తర్వాత మెడ గోక్కున్నాడు, మోచేతులు గోక్కున్నాడు, చొక్కాలో చెయ్యి దూర్చి వీపు గోక్కున్నాడు.

“ఏంటండీ, మీరు కూడానా?”

“ఇవి దులిపి ఎన్నాళ్ళయింది?” అని ఆయన గోడకున్న బొంతని అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టాడు. దీపం వెలుగులో దుమ్ము పొగలా లేచింది.

పిన్ని ఆయన కింది రగ్గుకేసి చూసింది. ఆ దుమ్మంతా అధ్యక్షులవారి మూతిముందు నెలల తరబడి కట్టింది తనే. చాలక అడుగున కూడా పరిచింది. గడ్డిని అనుమానించింది, కోడిని అనుమానించింది, గుడ్డుని కూడా వదల్లేదు.

మర్నాడు బొంతలన్నీ మేడ మీదికెక్కాయి. మరిగే నీళ్ళు, సబ్బు, ఎండ. వీధిలో వాళ్ళంతా తలెత్తి, ఇల్లు ఖాళీ చేస్తున్నారా అని అడిగారు. బొంతలు లేని గదిలో చప్పట్లు కొడితే బస్టాండులాగా మోగింది. ఉతికినవి మళ్ళీ కట్టాక, ఇక ఆయన లోపలికి రావచ్చా అని ఆత్రంగా డాక్టరమ్మకి ఫోను చేస్తే, “మంచిపనే చేశారు గాని, దుమ్ము మళ్ళీ చేరకుండా ఉంటుందా? అన్ని బొంతల మధ్య మాత్రం వద్దండీ. ఆ గదికి దూరంగా ఉంటేనే వాడికి సుఖం,” అంది.

తలుపు అవతల అధ్యక్షులవారు గోళ్ళతో గీరుతున్నారు. ఈసారి ఒళ్ళు కాదు, తలుపు. పిన్ని ఆగలేకపోయింది. కొత్తగా ఉతికినవే కదా, ఒక్క అధ్యాయమే కదా అని తలుపు తీసింది. ఆయన తోకతో పాటు నడుమంతా ఊపుకుంటూ వచ్చి, రెండు చుట్లు తిరిగి తన చోట కూలబడ్డారు. గొంతు ఎక్కడినుంచి వచ్చిందో వచ్చేసింది. ఆమె చదువుతోంది. అధ్యాయం చివరికొస్తుండగా ఆయన వెనక్కాలు మెల్లగా లేచి చెవి దగ్గరికి వెళ్ళింది. ఆమె చూసింది. చూసి కూడా ఆ వాక్యం పూర్తయ్యేదాకా చదివింది. పూర్తయ్యాక మైకు ఆపి, ఆయన్ని ఎత్తుకుని బయటికి తీసుకెళ్ళి, ఒళ్ళంతా తడిగుడ్డతో తుడుస్తూ కూచుంది. ఆ ఒక్క వాక్యం ఎందుకు చదివాను అన్నదే ఆమె నోట.

“పుస్తకం వెనక్కి ఇచ్చేస్తానండీ,” అంది భర్తతో. “నా గొంతు కోసం వీడి ఒళ్ళు పుండు చెయ్యలేను. నా వల్ల కాదు.”

ఆ రాత్రి ఆమె నిద్రపోలేదని ఆయనకి తెలిసినట్టే ఉంది. తర్వాతి సెలవునాడు ఎక్కడో పాత లిఫ్టు పీకేస్తుంటే దాని తలుపుకుండే పొడవాటి మందపాటి అద్దం గోనెసంచిలో చుట్టుకుని తెచ్చాడు. మెట్ల కింది గది తలుపుని, కూచున్న మనిషి కళ్ళకీ పడుకున్న కుక్క కళ్ళకీ అందేలా పైనుంచి కిందిదాకా కోసి, ఆ అద్దం బిగించి, అంచులకి రబ్బరు దట్టించాడు. అవతల నున్నటి గచ్చు మీద నీళ్ళగిన్నె పెట్టాడు.

“చప్పుడు దాటుతుందేమో చూడు,” అన్నాడు.

పిన్ని లోపల కూచుని తలుపు వేయించుకుని, “ఏవండీ” అని గట్టిగా కేకేసింది. ఆయన తిరగలేదు. అదేం పరీక్ష, పక్కనుంచి పిలిచినా తిరగని మనిషాయె. అందుకని, “అధ్యక్షులవారూ, అన్నం,” అని అరిచింది. అద్దం అవతల చెవి కూడా కదల్లేదు. చప్పుడు దాటడం లేదు. పని చక్కగా కుదిరింది. పిన్నికి మాత్రం గుండె జారిపోయింది. దొంగ గోడ దూకితే చెవి ఎత్తిన వినికిడి అది. ఒక్క మాట కూడా వినపడకపోతే ఆయన అక్కడెందుకుంటారు? ఏ వంటింట్లోకో నీడలోకో పోతారు. తను మళ్ళీ బొంతకే చదువుకోవాలి.

అయినా పుస్తకం తెరిచింది. రికార్డింగు అమ్మాయికి ఒకసారి పంపి చూసి, ఆ తర్వాతే వెనక్కి ఇచ్చెయ్యొచ్చు. వాన సీను. అధ్యక్షులవారు లేచారు. పోతున్నారనుకుంది. ఆయన రెండు చుట్లు తిరిగి, గచ్చు మీద పొట్ట ఆనించి, మూతి అద్దానికి అంటించి పడుకున్నారు. అద్దం మీద ఊపిరి ఆవిరి పట్టి, కరిగి, మళ్ళీ పట్టింది. ఆయన కళ్ళు పుస్తకం మీద లేవు. ఆమె మొహం మీదున్నాయి. పిన్ని పేజీ తిప్పితే కనుబొమలు కదిపారు, ఆమె గొంతు తగ్గిస్తూ ముందుకు వంగితే తల ఎత్తారు. ఒక్క ముక్క వినపడకుండానే ఎప్పటిలాగే కళ్ళు అరమోడ్చి తల పంకించారు. ఇన్నాళ్ళూ కథ వింటున్నారనుకుంది పిన్ని. కథ ఆయనకి ఎప్పుడూ అక్కర్లేదు.

పిన్ని కళ్ళు పుస్తకం మీదికి దించింది. “ఆమె తలుపు తీసేసరికి వాన వెలిసింది. వాకిట్లో తడిసి ముద్దై నిలబడి ఉన్నది వాళ్ళ అన్నయ్య,” అని చదివింది. చదివి తలెత్తి చూసింది. అద్దం అవతల తోక నేలకేసి కొట్టుకుంటోంది. చప్పుడు మాత్రం లోపలికి రావడం లేదు.